కడుపుమంట

మన తెలుగుమాటలలో కొన్నిటికి రెండేసి యర్థములు గలవు. కడుపుమంట యట్టి మాట. తిన్నది యరుగక జఠరము మండుటయు కడుపుమంటయే. ఇరుగుపొరుగువారి కలిమిని జూచి యోర్వలేకుండుటయు కడుపుమంటయే. ఈ రెండవ యర్థము మిక్కిలి వ్యాపించుటచేతనో యేమో, మొదటిదానిని గూర్చి నోరు విప్పుటకు మన స్త్రీలు జంకుదురు. తలనొప్పి యని చెప్పవచ్చును, కాళ్ళు పీకుచున్నవని చెప్పవచ్చును, కడుపు మండుచున్నదని చెప్పినచో "ఎవరిమీద?" అని నవ్వువారు ప్రతి యింటను ఒక్కరైన నుందురు. మా యింటను అట్లే నవ్వితిమి. నవ్వినవారిలో మేమును ఒకరము. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పెద్దమ్మ కాపురము జగిత్యాలకును ధర్మపురికిని నడుమ, పసుపుచేల మధ్యనున్న యొక పల్లెలో. అరువదియేండ్లు దాటినను కోడికూతతో లేచి, వాకిలి యూడ్చి, అలుకు చల్లి, పొయ్యి ముట్టించునది యామెయే. పనివారికి, పిల్లలకు, పెద్దబాపునకు, కోడలికి వడ్డించి, గిన్నెయడుగున మిగిలినదానిని మధ్యాహ్నము మూడు గంటలకు తాను తినును. శనివారమునాడు ఒంటిపూట, ఏకాదశినాడు ఆ పూటయు లేదు, శ్రావణమాసము వచ్చినచో ఉపవాసములకు లెక్కయే లేదు. తెల్లవారుజామున వట్టికడుపున చిక్కని చాయ మాత్రము తప్పదు. పదియేండ్లనుండి మోకాళ్ళు నొచ్చుచుండుటచే, ఊరిలోని మందుల దుకాణమునుండి నొప్పిగోలీలు తెప్పించుకొని, నొచ్చినపుడెల్ల ఒకటి మ్రింగుట ఆమెకు అలవాటయ్యెను.

కడుపుమంట మొదట ఎన్నడు పుట్టినదో ఆమెకే జ్ఞాపకము లేదు. నడురేయి మంటతో మెలకువ వచ్చును. పిడికెడు అటుకులో, చల్లని గంజియో నోట వేసికొనినచో కొంత చల్లారును. రెండు గంటలకు మరల రాజుకొనును. సోడాయుప్పు నీట కలిపి త్రాగుట, వాము నమలుట, గ్యాసుపొడి నాలుకమీద వేసికొనుట ఆమె యెరిగిన వైద్యము. ఏమైనదని యడిగినచో, "ఏం లేదు బిడ్డా, జరంత గ్యాసు పట్టింది" అను మాట తప్ప వేరుమాట రాదు.

ఈ రోగమునకు కారణము మా యింటిలో తలకొకటిగా చెప్పుచుంటిమి. పచ్చిమిరపకాయల తొక్కు తినుటచే నని పెద్దబాపు. ఉపవాసములచే నని కోడలు. దిష్టి తగిలినదని ప్రక్కయింటి ముసలమ్మ. చదువుకొన్నవారమను పేరుగల మేము మరింత లోతునకు పోయి, పెద్దకొడుకు దుబాయిలో నుండుటచే మనోవ్యాధి యని తేల్చితిమి. ఇన్ని కారణములు దొరకినవి గనుక, వైద్యుని యడుగవలయునని ఎవరికిని తోచలేదు. కారణము తెలిసినదనుకొన్న రోగమునకు ఎవరు మాత్రము మందు వెదకుదురు?

2019వ సంవత్సరమున సద్దుల బతుకమ్మనాడు మేము ఆ యూరికి పోయియుంటిమి. ఆనాడు పెద్దమ్మ తంగేడు, గునుగు పూలతో నడుమెత్తు బతుకమ్మను పేర్చి, సద్దులన్నియు తానే కలిపి, సందెవేళ అందరితో చెరువునొద్దకు వచ్చెను. చప్పట్లు చరచుచు రెండు చుట్లు తిరిగి, మెల్లగా వరుసనుండి తొలగి కట్టమీద కూర్చుండెను. అలసినదనుకొంటిమి. కొంతసేపటికి చూడగా మొగము తెల్లగా పాలిపోయి, నొసటినుండి చెమట ధారగా కారుచుండెను. లేవబోయి యట్లే ఒరిగిపోయెను. ఇంటికి తెచ్చి పండుకొనబెట్టినపుడు కోడలు మెల్లగా తరచి యడుగగా బయటపడిన సంగతి యిది: నాలుగు దినములనుండి మలము తారువలె నల్లగా, జిగురుగా పోవుచున్నదట. ఎవరికిని చెప్పలేదు. "ఇసొంటి ముచ్చట ఎవ్వలతోని చెప్తరు బిడ్డా?" అని మా చేయి పట్టుకొని యడిగెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకుండెను. ఆ రాత్రియే మోటారులో కరీంనగరమునకు తీసికొనిపోతిమి.

నల్లని మలమనగా లోపల రక్తము కారుచున్నదని యర్థమట. జఠరములో కారిన రక్తము ఆమ్లముతో కలిసి, ప్రేగులలో నడచి వచ్చుసరికి ఎఱుపు పోయి నలుపెక్కును. ఆమెకు రాత్రి రక్తమెక్కించిరి. మరునాడు ఎండోస్కోపీ చేసిరి. చిటికెనవ్రేలి లావుగల మెత్తని గొట్టమును నోటినుండి జఠరములోనికి పంపి, దాని కొననున్న దీపముతో లోపలి భాగమును తెరమీద చూచు పరీక్ష యది. జఠరము దాటి చిన్నప్రేగు మొదలగుచోట ఒక పుండు కనబడెను. డాక్టరమ్మగారు ఆ గొట్టముతోనే జఠరపు పొరనుండి ఆవగింజంత తునక తీసి, పసుపురంగు గల యొక చిన్న బిళ్ళలో గ్రుచ్చిరి. చూచుచుండగనే ఆ పసుపు ఎఱ్ఱబారెను. పసుపులో సున్నము కలిపి పారాణి చేసెడి మాకు ఆ రంగుమార్పు వింతగా తోచలేదు; దాని యర్థము మాత్రము వింతగా తోచినది. "ఈమె కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మక్రిమి యున్నది. పుండునకు మూలమదియే. మీరు తినిపించిన నొప్పిగోలీలు దానికి తోడైనవి" అని వారు చెప్పిరి.

పెద్దమ్మకు తెలివి వచ్చిన పిదప ఈ మాట చెప్పగా ఆమెకు కోపము వచ్చెను. "పురుగా? నేను ఏనాడన్న పాసిపోయింది తిన్ననా? నా వంటిల్లు చూసినోల్లను అడుగు!" అనెను. డాక్టరమ్మగారు నవ్వి, ఆమె మంచముమీదనే కూర్చుండి, "అమ్మా, బయట బల్లలమీద కూర్చున్నవారిలో సగముమంది కడుపులో ఇదే యుండవచ్చును, నా కడుపులోనుండదని నేనును చెప్పలేను. ఇది యొకరి వంటింటి తప్పు కాదు" అనిరి. ఆ మాటతో పెద్దమ్మ కోపము దిగెను. మాకు మాత్రము ఆలోచన పట్టుకొనెను. సగముమంది కడుపులో నుండి, ఒక్కరికైనను పేరు తెలియని ఈ ప్రాణి యెవరు?

ఆ మూడునాళ్ళును మేము ఆ వసారాలోని బల్లలమీదనే కూర్చుంటిమి. సిరిసిల్లనుండి వచ్చిన యొకామె బీడీలు చుట్టి బ్రతుకునది. పొగాకు ఘాటుచే కడుపు చెడినదని యామె నమ్మకము. ఉట్నూరు ప్రాంతపు గోండు వృద్ధురాలు కొడుకుతో మంచిర్యాల మీదుగా వచ్చినది. వాగునీరు మారుటచే నని యామె చెప్పెను. గోదావరిఖనినుండి వచ్చినామె భర్త బొగ్గుబాయిలో పనివాడు. ఆయన షిఫ్టులవెంబడి తన తిండివేళలు తప్పుటచే నని యామె మాట. నిర్మలులో బడిపంతులమ్మగా నున్నయామె పిల్లల చదువులను గూర్చిన దిగులని చెప్పినది. క్రిమి యన్న మాట ఒక్కరి నోటను రాలేదు. మరియొకటి గమనించితిమి. వారిలో ఎవరును మంట పుట్టిన మొదటి నెలలో రాలేదు. ఒకామె మూడేండ్లు ఓర్చుకొనెను. ఒకామె కూతురి పెండ్లి యగువరకు ఆగెను. గోండు వృద్ధురాలు కూడు మ్రింగలేని దశలో కొడుకు మోసికొని రాగా వచ్చినది. "మీరెందుకింత యాలస్యము చేసితిరి?" అని యడుగు యోగ్యత మాకు లేకపోయెను; మా పెద్దమ్మయు అదే వసారాలో నుండెను.

ఇంటికి వచ్చిన పిదప ఈ క్రిమిని గూర్చి చదివితిమి. ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున, రాయల్ పెర్తు ఆసుపత్రిలో, రాబిన్ వారెన్ అను వైద్యుడు రోగుల జఠరములనుండి తీసిన తునకలను పరీక్షించుచుండెను. 1979లో ఆయన సూక్ష్మదర్శినిలో వంకరగా నున్న క్రిములను చూచెను. జఠరములోని తీవ్రమైన యామ్లములో ఏ క్రిమియు బ్రతుకజాలదని అప్పటి వైద్యుల నమ్మకము. కావున ఆయన మాటను పట్టించుకొన్నవారు తక్కువ. 1981లో బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో చేరెను. ఇద్దరును ఆ క్రిమిని గాజుపళ్ళెములలో మొలిపింపజూచిరి. ఎందరి తునకలను వేసినను మొలవలేదు. రెండు దినములు చూచి పళ్ళెములను పారవేయుట అక్కడి వాడుక. 1982లో ఈస్టరు సెలవులు వచ్చి పళ్ళెములు ఎత్తువారు లేక మరికొన్ని దినములు అట్లే యుండిపోయెను. సెలవులు ముగిసి వచ్చి చూడగా క్రిమి మొలచియుండెను! తొందరపడి మూత తీసినచో పెరుగు తోడుకొనదని మనకెవరును నేర్పనక్కరలేదు. ఆ శాస్త్రజ్ఞులకు సెలవులు నేర్పినవి.

అంతతో లోకము నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములను పెంచిన ద్రవమును తానే త్రాగెను. భార్యను ముందుగా నడిగినచో ఒప్పుకొనదని, పిదప క్షమాపణ చెప్పుకొనుటయే సుళువని తలచి యామెకు చెప్పలేదట. కొలదిదినములలో ఆయనకు వాంతులు పట్టుకొనెను. పరీక్షింపగా జఠరము వాచి, క్రిములతో నిండియుండెను. సంగతి తెలిసిన భార్య, ఇక మందు పుచ్చుకొనుమని చెప్పినది. ఎన్ని దేశముల భర్తలైనను భర్తలే గదా యని మేము నవ్వుకొంటిమి. తరువాత నీ క్రిమికి 1989లో ఇప్పటి పేరు స్థిరపడెను. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ దీనిని క్యాన్సరు కలిగింపగల వానిలో చేర్చెను. 2005లో వారెను, మార్షలు లిరువురకును నోబెలు బహుమానము వచ్చెను.

ఆమ్లములో ఇది యెట్లు బ్రతుకుననగా, జఠరములోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించి, తనచుట్టు ఆమ్లమును విరిచి, జిగురుపొర క్రింద దాగుకొనును. పెద్దమ్మ జఠరపు తునక తగిలి పసుపుబిళ్ళ ఎఱ్ఱబారుటకు కారణము ఆ అమ్మోనియాయే. దాగుకొన్న చోటనే యుండి యది జఠరపు గోడను కొంచెము కొంచెముగా వాపెక్కించును. గోడ బలహీనపడినచోట ఆమ్లము తగిలి పుండు పడును. మిరపకారము పుండుమీద పడి మండించును గాని పుండును పుట్టింపదు. చింత, కోపము, ఉపవాసము బాధను పెంచును గాని ఈ క్రిమిని తేజాలవు. ఇన్నియేండ్లు మేము పెద్దమ్మ తొక్కుగిన్నెమీదను, ఆమె మనస్సుమీదను మోపిన నేరము ఈ విధముగా కొట్టుపడిపోయెను.

ఇక ఇది యెందరిలో నున్నదను ప్రశ్న. 2015 నాటి లెక్కనుబట్టి భూలోకమున సుమారు 440 కోట్లమంది, అనగా సగముమందికి పైగా, దీనిని మోయుచుండిరి. మన దేశమున ఈ పాలు ఇంకను ఎక్కువ. 1991లో హైదరాబాదు జనులను గూర్చి వెలువడిన యొక పరిశోధనలో, వయసుతోపాటు ఇది పెరుగుచు, ఇరువదియేండ్లకే నూటికి 80 మందికి పైగా సోకియున్నట్లు కనుగొనిరి. వారు రోగులు కారు, మనవలె తిరుగుచున్నవారు. ఈ యంకెలను చూచి భయపడవలసిన పనిలేదు. క్రిమియున్నంతమాత్రమున రోగము కాదు. సోకినవారిలో జీవితకాలమున పుండు పడువారు నూటికి 10 మొదలు 15 వరకు. జఠరపు క్యాన్సరు వచ్చువారు నూటికి 1 మొదలు 3 వరకు. మన దేశమున ఈ క్రిమి యింత వ్యాపించియున్నను జఠరపు క్యాన్సరు జపాను మొదలగు దేశములకంటె తక్కువగానే యుండుట వైద్యులను సైతము ఆశ్చర్యపరచు సంగతి.

ఆసుపత్రులలో తీసిన లెక్కలను చదువునప్పుడు మరికొంత వివేకము కావలయును. ఎండోస్కోపీ బల్లమీదికి వచ్చువారు ముందే బాధపడుచు వచ్చినవారు. వారిలో నూటికింతమందికి క్రిమి యున్నదన్నచో, ఊరిలోని వారందరిలోను అంతేయని గాని, వారి బాధకంతకును ఆ క్రిమియే మూలమని గాని చెప్పరాదు. పైగా చాలమంది వచ్చుటకు ముందే ఆమ్లము తగ్గించు మాత్రలో, జ్వరమునకిచ్చిన క్రిమినాశకౌషధములో మ్రింగి వత్తురు. అట్టివారిలో క్రిమి తాత్కాలికముగా అణగి, పరీక్షకు చిక్కక తప్పించుకొనును. అందువలననే ఆమ్లము తగ్గించు మాత్రలను రెండు వారములును, క్రిమినాశకౌషధములను నాలుగు వారములును ఆపిన పిదప పరీక్ష చేయుట మేలని వైద్యులు చెప్పుదురు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఆసుపత్రి లెక్క ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. గ్యాసుపొడితో సరిపెట్టుకొన్నామె అందులో లేదు. కూతురి పెండ్లివరకు ఆగినామె మూడేండ్లవరకు అందులో లేదు. చెరువుకట్టమీద ఒరిగిపోవువరకు మా పెద్దమ్మ అందులో లేదు. పుస్తకములలోని యంకెను చూచి "మన వైపున ఇంతమందికే" అని యూరడిల్లునప్పుడు, నోరు విప్పని స్త్రీలు ఆ యంకెకు వెలుపల ఎందరుందురో యని మనస్సునకు తెచ్చుకొనవలయును.

ఇది యొకరినుండి యొకరికి సోకుట చాలవరకు పసితనములోనే. నోటినుండి, వాంతినుండి, మలమునుండి చేతులకును, నీటికిని, అచ్చటినుండి మరియొకరి నోటికిని చేరునని చెప్పుదురు. ఒకే గదిలో పదుగురు పండుకొను ఇండ్లలోను, మంచినీరు చాలని యూళ్ళలోను ఎక్కువ. ఈ మాట విన్నంతనే కొందరు తల్లులను నిందింపబోదురు, అది తగదు. బిందెడు నీటికై కోసు నడచిన తల్లి, చేతులు రెండుమారులు కడుగుకొనలేదని నేరమెంచుట న్యాయమా? నీరు ఇంటికి రావలయును. మరుగుదొడ్డి యింటికి దగ్గరగా నుండవలయును. అప్పుడు గదా సబ్బును గూర్చి చెప్పుట! 2016 ఆగస్టు 7న గజ్వేలు ప్రాంతమున కోమటిబండవద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ ఇంటింటికి కుళాయినీరు తెచ్చుటకు పుట్టినది. నీటితో వచ్చు రోగములను నీటితోనే గెలువవచ్చుననుటకు మనకొక సాక్ష్యమున్నది. మా పెద్దమ్మ చిన్ననాట విన్న నారికురుపు నేడు మన పిల్లలకు పేరైనను తెలియదు. త్రాగునీటిని గుడ్డతో వడబోయుట, దిగుడుబావులను మాన్పించుట మొదలగు పనులచే అది తొలగగా, 2000వ సంవత్సరమున మన దేశము దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. హెలికోబాక్టరు గుడ్డకు చిక్కునంత పెద్దది కాదు; కాచి చల్లార్చిన నీరు, క్లోరిను కలిపిన నీరు కావలయును. మలవిసర్జన పిదపను, వంటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుట, తాను నమిలిన ముద్దను బిడ్డ నోట పెట్టకుండుట మనచేతిలోని పనులు.

పెద్దమ్మ వైద్యము 14 దినములు. ఆమ్లమును తగ్గించు మందుతోపాటు వేరువేరు క్రిమినాశకౌషధములు ఉదయము, రాత్రి వేసికొనవలయును. వేయుటకు ముందు, ఇదివరకు ఏ మందైన పడక దద్దురులు లేచినవా యని డాక్టరమ్మగారు అడిగి తెలిసికొనిరి. ఐదవదినమునకే మంట పోయెను. నోరు మాత్రము చేదెక్కి, ఇనుము నాకినట్లున్నదని పెద్దమ్మ విసుగుకొనెను. "తగ్గింది గద, ఇంక గోలీలెందుకు?" అని మిగిలినవి ప్రక్కయింటి ముసలమ్మకు ఇయ్యబోయెను. పుణ్యమునకు ఇచ్చెడి వస్తువులలో ఔషధము లేదని చెప్పి మేము అడ్డుపడితిమి. నడుమ ఆపినచో చావక మిగిలిన క్రిములు ఆ మందునకు లొంగనివై తిరుగబడును. మన దేశమున ఇప్పటికే మెట్రోనిడజోలు, క్లారిథ్రోమైసిను మొదలగు మందులకు లొంగని క్రిములు హెచ్చుగా నున్నవి. కోడలు దేవునిగది గోడమీద 14 కుంకుమబొట్లు పెట్టి, పూటపూటకు వేసిన గోలీలు లెక్కించి, దినమునకొక బొట్టును తుడుచుచు వచ్చెను. నోమునకు నియమము తప్పని పెద్దమ్మ దీనికిని తప్పలేదు. బొట్లన్నియు తుడిచి, మందులు ముగిసిన నాలుగు వారములు దాటిన పిదప ఊపిరిని ఊదించి చేయు పరీక్ష చేయించితిమి. క్రిమి లేదని తేలినది. రక్తములోని ప్రతిరక్షకములను చూచు పరీక్ష యీ పనికి చాలదట. క్రిమి పోయినను అవి చాలకాలము రక్తములో నిలిచియుండును. మోకాళ్ళ గోలీలను మాన్పించి, వైద్యుల సలహాతో కడుపునకు హాని తక్కువైన మందును మార్చితిమి.

మాకును ఇంటివారందరికిని పరీక్ష చేయింపవలయునా యని మేము అడిగితిమి. ఏ బాధయు లేనివారందరికి అక్కరలేదనిరి. ఎవరికి అక్కరయో మాత్రము వ్రేళ్ళు మడచి చెప్పిరి. అది చదువరులకు పనికివచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము. వారములతరబడి పైకడుపు మండుచున్నవారు. నడురేయి మంటతో లేచువారు. ఇనుము మాత్రలు వాడినను రక్తహీనత తీరనివారు. చాలకాలము నొప్పిగోలీలు వాడవలసినవారు. ఇంటిలో జఠరపు క్యాన్సరు వచ్చిన రక్తసంబంధులు గలవారు వైద్యునడుగవలయును. కారణము లేక చిక్కిపోవుట, కూడు మ్రింగుట కష్టమగుట, ఎడతెగని వాంతులు కలిగినచో జాగుచేయరాదు. రక్తము కక్కుటయో, మలము తారువలె నల్లబడుటయో కనబడినచో మాత్రము ఆ పూటయే పోవలయును. ఇనుము మాత్రలు మ్రింగువారికిని మలము నల్లబడుట కలదు. కాని తారువలె జిగురుగా, దుర్గంధముతో నుండి, తల తిరుగుచున్నచో మాత్రల నెపముతో ఊరకుండరాదు.

2019లో మా పెద్దమ్మను ఆ రాత్రి కరీంనగరముదాక మోయవలసివచ్చెను. అప్పటినుండి కొంత మార్పు కలిగినది. 2008లో స్థాపితమైన రిమ్సు వైద్యకళాశాల ఆదిలాబాదున ముందే యుండెను. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందును, 2023లో కరీంనగరము, సిరిసిల్ల, నిర్మలు, ఆసిఫాబాదులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలోని స్త్రీలకు వైద్యుడు మునుపటికంటె చేరువైనాడు. చేరువ కావలసినది ఇక మన నోరు.

పెద్దమ్మ ఇప్పుడు అందరితోపాటు ఒకే పంక్తిలో కూర్చుండి తినును. తొక్కు మానలేదు, ఉపవాసములను కొంచెము తగ్గించినది, చాయ మాత్రము రెండు అటుకులు నోట వేసికొన్న పిదపనే. పోయిన బతుకమ్మకు మేము పోయినపుడు, ప్రక్కయింటి ముసలమ్మ అరుగుమీద కూర్చుండి వాము నమలుచుండెను. పెద్దమ్మ ఆమె చేతిలోని వామును తీసి గిన్నెలో వేసి, "ఎన్నొద్దులనుండి మండుతున్నదే? చెప్పు. సిగ్గేంది? నాకు చెప్పు" అని యడుగుచుండెను. మేము నవ్వలేదు.

అక్కలారా, చెల్లెండ్రారా! ఈ రాత్రి వంటిల్లు సర్దిన పిదప, మీ యింటిలో అందరికంటె వెనుక తినునామె నొక్కమారు ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ ప్రశ్నయే యడుగుడు. ఆమె "ఏం లేదు" అనును. మరియొకమారు అడుగుడు.